పద్నాలుగేళ్ల స్టాపర్‌ను వదిలేసిన అకాడమీ: మూడేళ్ల శిక్షణపై ఒక తండ్రి సమీక్ష

నగరానికి పడమటి దిక్కున, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గరలో ఉన్న ఒక ఫుట్‌బాల్ అకాడమీలో మా అబ్బాయి మూడేళ్లు శిక్షణ తీసుకున్నాడు. మొన్న ఏప్రిల్‌లో పదిహేనేళ్లలోపు జట్టును ఇరవై రెండు మందికి కుదించినప్పుడు వాళ్లు వాడి పేరు తీసేశారు. వాడు స్టాపర్, అంటే గోల్‌కీపర్‌కు ముందు, రక్షణ వరుస నడుమ నిలబడే ఆటగాడు. అకాడమీ పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ మనసు పెట్టి ఆట నేర్పే శిక్షకులు ఉన్నారు, ఒక్క నిర్ణయం కారణంగా వాళ్లందరికీ చెడ్డపేరు రావడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ నిర్ణయం దేన్ని కొలిచి, దేన్ని కొలవకుండా తీసుకున్నారో చెప్పకపోతే, రేపు పిల్లల్ని చేర్చడానికి డబ్బు కూడబెట్టుకుని వెళ్లే తల్లిదండ్రులకు నేను తెలిసిన సంగతి దాచినవాణ్ణి అవుతాను. శిక్షణకు అయిదులో నాలుగు మార్కులు వేస్తాను. పిల్లల్ని అంచనా వేసే పద్ధతికి ఒకటి.

ముందు శిక్షణ సంగతి. నెలకు 6,500 రూపాయలు, చేరేటప్పుడు కిట్టుకు 5,000, తిరిగి ఇచ్చే డిపాజిట్ 10,000. మెహిదీపట్నం నుంచి తెల్లవారుజామున అయిదుంబావుకు బయల్దేరి, లంగర్‌హౌస్ మీదుగా నార్సింగి దాటి, ఆరు కొట్టేలోపు మైదానంలో ఉండేవాళ్లం. మొదటి రెండేళ్లూ పదహారు మంది పిల్లలకు ఒక శిక్షకుడు ఉన్నాడు, ఈ నగరంలో అది మంచి లెక్కే. ఎడమవైపు నుంచి వచ్చే బంతిని దగ్గరి కాలితో కాకుండా దూరపు కాలితో ఆపడం, బంతి చేరేలోపే తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకోవడం వంటి పనులను నెలల తరబడి, విసుగు లేకుండా చేయించారు. నేనూ సికింద్రాబాద్ లీగులో మా ఆఫీసు జట్టుకు రైట్‌బ్యాక్‌గా, అంటే రక్షణ వరుసలో కుడి చివర, కొన్నేళ్లు ఆడాను. ఆ తల తిప్పే అలవాటు నాకు ఇరవై అయిదేళ్లు వచ్చాక గాని పట్టుబడలేదు. మా వాడికి పన్నెండేళ్లకే వచ్చింది. ఆ ఘనత పూర్తిగా అక్కడి శిక్షకులదే. మార్చి దాటితే ప్లాస్టిక్ గడ్డి ఏడున్నరకల్లా అరికాళ్లు కాల్చేంత వేడెక్కుతుంది, అందుకని ముందే నీళ్లు కొట్టించి ఏడుంబావుకు ఆట ముగించేవారు. పిల్లలు కూర్చోవడానికి చారెడు నీడ కూడా లేదు గాని, దాని గురించి ఇంతకంటే రాయను.

అంచనా సంగతి దగ్గరికి వస్తే, ఏడాదికి ఒకసారి, మార్చిలో, ప్రతి పిల్లవాడికీ ఒక కాగితం నింపుతారు. మా వాడి కాగితం నా దగ్గర ఉంది. అందులో ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, ఎంపిక మ్యాచ్‌లలో చేసిన ట్యాకిళ్లు (ఎదుటివాడి కాలి దగ్గర బంతి లాక్కోవడం), హెడ్డర్లు (తలతో బంతి కొట్టడం), క్లియరెన్సులు (అపాయంలో ఉన్న బంతిని దూరంగా తన్నేయడం), సరిగా చేరిన పాసులు, జట్టు తిన్న గోల్స్ అని గడులు ఉన్నాయి. అన్నీ లెక్కకు అందేవే, అన్నీ అవసరమైనవే. కాని ఒక స్టాపర్ చేసే పనిలో సగానికి పైగా ఈ గడుల్లో ఎక్కడా పట్టదు. ఫార్వర్డ్ ఆటగాడు ఏం చేసినా అది బంతి దగ్గరే జరుగుతుంది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. స్టాపర్ పని బంతి రాకముందే జరిగిపోతుంది, అది బాగా జరిగితే బంతి అటు రానే రాదు.

ఒక్క సందర్భం చెబుతాను. గత నవంబరులో ఒక స్కూల్ మైదానంలో మ్యాచ్. మా పిల్లలు ఒక గోల్ ముందున్నారు, ఆట ముగియడానికి పది నిమిషాలు ఉంది. అవతలి జట్టు మిడ్‌ఫీల్డర్ మైదానం మధ్యలో బంతి అందుకుని తల పైకెత్తాడు. వాళ్ల ఫార్వర్డ్ మా వాడి కుడిభుజం వెనక్కి జారుకున్నాడు. మా వాడు రెండుసార్లు వెనక్కి చూశాడు, లెఫ్ట్‌బ్యాక్‌ను లోపలికి రమ్మని అరచేతితో సైగ చేశాడు, "లైన్" అని ఒక కేక వేసి తాను రెండడుగులు ముందుకు వేశాడు. ఆ రెండడుగులతో ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో పడ్డాడు, అంటే మా రక్షణ వరుసను దాటి ఉన్నాడు కాబట్టి బంతి అందించినా చెల్లదు; లెఫ్ట్‌బ్యాక్ జరగడంతో రెండో దారీ మూసుకుపోయింది. మిడ్‌ఫీల్డర్ కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, బంతిని వెనక్కి తిప్పేశాడు. గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రుల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టడానికి అక్కడ ఏమీ జరగలేదు కదా. కాగితంలో ఆ నిమిషానికి లెక్క సున్నా. అదే చోట మరో పిల్లవాడు ఉండి, ఫార్వర్డ్‌ను వదిలేసి, వెంటపడి పరుగెత్తి, చివరి క్షణంలో జారి బంతిని తన్నేసి ఉంటే ఒక ట్యాకిల్, ఒక క్లియరెన్స్ నమోదయ్యేవి. ఇలా లెక్కగడితే, ముందే అపాయం కనిపెట్టినవాడి కంటే ఆలస్యంగా మేలుకున్నవాడే మెరుగైన డిఫెండర్‌గా తేలతాడు. నా ప్రధానమైన అభ్యంతరం ఇదే.

అకాడమీ వైపు న్యాయం కూడా చెప్పాలి. రెండు ఎంపిక మ్యాచ్‌లలో మా వాడు ఆడుతున్నప్పుడు జట్టు మూడు గోల్స్ తిన్నది. అందులో ఒకటి వాడి తప్పే: ఎడమ అంచు వెంబడి వచ్చిన కుర్రవాడు వాణ్ణి పరుగులో దాటేశాడు, ఆ దృశ్యం నేను కళ్లారా చూశాను, దానికి సాకు వెతకను. ఆ జట్టు రక్షణ వరుసను బాగా పైకి తెచ్చి ఆడుతుంది. అలా ఆడేటప్పుడు వెనక ముప్పై గజాల ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో పడిన బంతికి ఫార్వర్డ్‌తో పోటీపడి పరుగెత్తలేని స్టాపర్ జట్టుకు భారమే. వాడి 30 మీటర్ల పరుగు 5.1 సెకన్లు. నిలుపుకున్న స్టాపర్లు ఇద్దరూ అంతకంటే వేగంగా పరుగెత్తారు, ఇద్దరూ పొడగరులు, ఇద్దరూ మంచి పిల్లలు, మంచి ఆటగాళ్లు. వాళ్లను ఎందుకు తీసుకున్నారని నేను అడగడం లేదు.

నేను అడిగేది ఆ 5.1 సెకన్ల గురించి. అంతకుముందు ఏడాది అదే మైదానంలో అదే దూరాన్ని వాడు 4.9లో పరుగెత్తాడు. రెండు కాగితాలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఏడాది వయసు పెరిగి, రోజూ శిక్షణ తీసుకుంటున్న పిల్లవాడు వేగం పెరగడానికి బదులు తగ్గాడంటే, శిక్షకుడు అన్నవాడు మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఎందుకు?" అన్నది. మా వంటింటి గుమ్మానికి పెన్సిల్ గీతలు ఉన్నాయి. నిరుడు ఉగాదినాడు గీసిన గీత 152 సెంటీమీటర్ల దగ్గర ఉంది. ఈ సంక్రాంతినాడు గీసింది 160.5 దగ్గర. పది నెలలు తిరక్కుండా ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మగపిల్లలు సగటున పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య ఇలా ఒక్కసారిగా సాగుతారు. కాళ్లు ముందు పొడుగవుతాయి, వాటిని నడిపే కండ ఇంకా వెనకే ఉంటుంది, నిన్నటి వరకు అలవాటైన అడుగు ఇవాళ కుదరదు. కొందరు పిల్లలు కొన్నాళ్లపాటు తడబడతారు, నెమ్మదిస్తారు, ఆ దశ దాటాక మళ్లీ పుంజుకుంటారు. పిల్లలతో పనిచేసే శిక్షకులకు ఇది కొత్త సంగతి కాదు.

దానికి తోడు మోకాలు. డిసెంబరు నుంచే వాడు మోకాటి చిప్పకు కాస్త కింద, కాలి ఎముక మీద ఉబ్బుగా ఉన్నచోట నొప్పి అంటున్నాడు. మెట్లు దిగేటప్పుడు, మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ఎక్కువగా ఉండేది. ఎముకల డాక్టరు చూసి ఆస్‌గుడ్ ష్లాటర్ అన్నారు. తొడ కండరం నుంచి వచ్చే స్నాయువు కాలి ఎముకకు అతుక్కునే చోట, పెరిగే వయసులో ఎముక ఇంకా మెత్తగా ఉంటుందట. పరుగులూ ఎగురుళ్లూ ఎక్కువగా ఉన్న పిల్లలకు అక్కడ పదేపదే లాగుడు పడి వాస్తుంది. ఎదుగుదల పూర్తయ్యేసరికి చాలామందికి దానంతట అదే సర్దుకుంటుందని, అంతదాకా ఆట పూర్తిగా మానక్కర్లేదు గాని భారం తగ్గించాలని చెప్పారు. జనవరిలో ఈ విషయాన్ని సహాయ శిక్షకుడికి నేనే స్వయంగా చెప్పాను. ఆయన తల ఊపారు, ఆ వారం ఎగిరే వ్యాయామాలు తగ్గించారు కూడా. మార్చి నాటి కాగితంలో మాత్రం మోకాలి ప్రస్తావన ఒక్క ముక్క లేదు. నెలకు 6,500 తీసుకునే సంస్థ నెలకు ఒకసారైనా ఫిజియోథెరపిస్టుతో పిల్లల్ని చూపించలేదా అన్నది నా బాధ.

వాడు పుట్టింది నవంబరులో. మన దేశంలో వయసు విభాగాలను క్యాలెండరు సంవత్సరాన్ని బట్టి లెక్కిస్తారు కాబట్టి, జనవరిలో పుట్టిన పిల్లవాడూ నవంబరులో పుట్టిన పిల్లవాడూ ఒకే జట్టులో పోటీపడతారు. పద్నాలుగేళ్ల వయసులో పది నెలల తేడా చిన్నది కాదు. చాలా దేశాల్లో పిల్లల జట్లను పరిశీలించినవారు ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా ఎంపికవుతున్నారని గమనించారు. ప్రతిభకూ పుట్టిన నెలకూ సంబంధం లేదు. పెద్దగా కనిపించేవాణ్ణి ఎంచుకునే అలవాటు వల్లే అలా జరుగుతుంది. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అకాడమీలు దీనికి విరుగుడుగా, పుట్టిన ఏడాదిని పక్కనబెట్టి, పిల్లవాడు తన పూర్తి ఎత్తులో ఎంత శాతానికి చేరాడో అంచనా వేసి, ఆ దశను బట్టి కలిపి ఆడించే పద్ధతిని ప్రయత్నించాయి. ఆ అంచనాకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, పిల్లవాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు ఉంటే చాలు. నా ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు, మా ఆవిడ అయిదడుగుల అయిదు. మూడేళ్లలో ఆ అంకెలు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇక నిర్ణయాన్ని తెలియజేసిన తీరు. సమ్మేటివ్ పరీక్షలు రెండు రోజుల్లో ఉన్నాయనగా, రాత్రి తొమ్మిదీ నలభైకి, పిల్లలూ తల్లిదండ్రులూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎంపికైనవారి జాబితా పెట్టారు. వాడు లెక్కల పుస్తకం పక్కన పెట్టి ఫోన్ తీసుకుని, ఆ జాబితాను పైనుంచి కిందికి మూడుసార్లు చదివాడు. నాలుగోసారి వేలితో ఒక్కో పేరూ తాకుతూ చదివి, "నాన్నా, నా పేరు మర్చిపోయారేమో, సార్‌ను ఒకసారి అడుగుతావా?" అన్నాడు. మర్నాడు పొద్దున ఒక పేజీ ఉత్తరం నాకు విడిగా వచ్చింది: "ఎత్తు, వేగం జట్టు ప్రమాణాలకు తగినట్టు లేవు." అంతే. మూడేళ్లలో ఏం నేర్చుకున్నాడు, ఏం మెరుగుపరచుకోవాలి, మళ్లీ ఎప్పుడు ఎంపికకు రావచ్చు అన్నవి ఏవీ లేవు. జాబితా వేయడానికి ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే, ఆ రాత్రి మా ఇంట్లో వేరుగా గడిచేది.

ప్రధాన శిక్షకుణ్ణి కలవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆయన మర్యాదస్తుడు, పావుగంట అనుకున్నది ముప్పావుగంట కూర్చున్నారు. "వచ్చే సీజన్‌లో మనమీద లాంగ్ బాల్స్ ఎక్కువగా వేస్తారు సార్, గాల్లో గెలిచే స్టాపర్ కావాలి" అన్నారు. నేను ఫోన్‌లో గుమ్మం గీతల ఫొటో తీసి చూపించాను. ఆయన దాన్ని పెద్దది చేసి, తేదీలు చదివి, చాలాసేపు చూశారు. "ఈ లెక్క మా దగ్గర లేదు సార్" అన్నారు. జాబితా మారదని కూడా అప్పుడే చెప్పారు. ఆయన నిజాయితీగా మాట్లాడారన్న గౌరవం నాకుంది. కాని ఎత్తు తక్కువని ఒక పిల్లవాణ్ణి పంపేసిన చోట, ఆ పిల్లవాడు ఎంత వేగంగా ఎదుగుతున్నాడన్న లెక్క లేకపోవడం చిన్న లోపం కాదు.

స్థానం మార్చి చూశారా అని కూడా అడిగాను. లేదన్నారు. ఆ జవాబు నన్ను ఎక్కువ కలవరపెట్టింది, ఎందుకంటే ఇది హైదరాబాద్. మా నాన్నగారు కుర్రతనంలో, ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం అంటున్న ఫతే మైదానంలో పోలీసు జట్టు ఆట చూసినవారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన ఆ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ భారత జట్టు శిక్షకుడిగా 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చేసిన పనిని నాన్నగారు మా వాడికి కథలా చెప్పేవారు. భారత జట్టు స్టాపర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రక్షణలో తలతో బంతులు ఆపే పనికి అతడు పనికిరాడని తేలాక, రహీం అతణ్ణి బెంచి మీద కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో గోల్ వేశాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ గోల్ వేశాడు, మనం 2-1తో స్వర్ణం గెలిచాం. రక్షణలో ఆడే మనిషికి ఆట ఎలా అర్థమవుతుందో తెలిసిన శిక్షకుడు కాబట్టే ఆ పని చేయగలిగారు. పద్నాలుగేళ్ల పిల్లవాడి కోసం అంత సాహసం అక్కర్లేదు. పరుగు తగ్గిన ఆరు నెలలూ వాణ్ణి రక్షణ వరుసకు ముందు మిడ్‌ఫీల్డ్‌లో, వెనక అంత ఖాళీ లేని చోట ఆడించి ఉంటే, ఆ తల తిప్పి చూసే గుణం జట్టుకు అక్కరకు వచ్చేది.

శరీరం చూసి పిల్లల్ని వదులుకుని నాలుక కరుచుకున్న క్లబ్బులు పెద్దవే ఉన్నాయి. లివర్‌పూల్ లెఫ్ట్‌బ్యాక్‌గా పేరు తెచ్చుకున్న ఆండ్రూ రాబర్ట్‌సన్‌ను పదిహేనేళ్ల వయసులో చిన్నగా ఉన్నాడని స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్ వదిలేసింది. అతడు అప్పట్లో ఔత్సాహికుల క్లబ్బుగా ఉన్న క్వీన్స్ పార్క్‌లో ఆడి, 2013లో డండీ యునైటెడ్‌కు, ఆ పైన హల్ సిటీకి, 2017లో లివర్‌పూల్‌కు వెళ్లి, 2019లో ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు, స్కాట్లాండ్‌కు కెప్టెన్ అయ్యాడు. మా వాడు అంతటివాడవుతాడని నేను అనడం లేదు. అక్కడ సెల్టిక్ వదిలేస్తే క్వీన్స్ పార్క్ ఉంది, ఇక్కడ మనకు ఏముందన్నది నేను ఆలోచించే సంగతి. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన రాత్రి, గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే మా ఇల్లంతా లేచి నిలబడింది. మా వాడు ఫుట్‌బాల్ పట్టింది ఆ రాత్రి తర్వాతే. ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. నేను సమీక్షిస్తున్న అకాడమీకీ ఆ క్లబ్బుకూ ఏ సంబంధమూ లేదు. నగరంలో పెద్ద జట్లు తగ్గినకొద్దీ ఇలాంటి ప్రైవేటు అకాడమీల జాబితాలే పిల్లలకు దారి చూపేవీ, దారి మూసేవీ అవుతున్నాయి, కాబట్టి వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలని అడిగే హక్కు మనకు ఉంది.

చేరాలనుకునేవారికి కొన్ని మాటలు. డిపాజిట్ తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టింది, రెండుసార్లు వెళ్లి అడగాల్సి వచ్చింది, రసీదు పోగొట్టుకోకండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కేంద్ర రిజిస్ట్రేషన్‌లో పిల్లవాడి పేరు ఆ అకాడమీ తరఫున ఉంటే, వేరేచోట ఆడే ముందు దాన్ని విడిపించుకోవాలి. ఆ పని వాళ్లంతట వాళ్లు చేయలేదు, నేను ఈమెయిల్ రాశాకే కదిలింది. పిల్లవాడు డిఫెండర్ అయితే, మ్యాచ్ వీడియో తీస్తారా, తీస్తే దాన్ని ఎవరు కూర్చుని చూస్తారు అని చేరే రోజే అడగండి. ఎత్తును మూడు నెలలకోసారి కొలవమని అడగండి, కొలవకపోతే మీరే గుమ్మం మీద గీసి, తేదీ వేసి, ఫొటో పంపండి. ఏడాది మధ్యలో ఒకసారి రాతపూర్వకంగా అంచనా ఇమ్మని పట్టుబట్టండి, అప్పుడు ఏప్రిల్‌లో వచ్చే ఉత్తరం పిడుగులా పడదు.

మా వాడు ఇప్పుడు సికింద్రాబాద్ వైపు ఒక స్కూల్ మైదానంలో, వారానికి మూడు రోజులు, మట్టి నేల మీద ఆడుతున్నాడు. అక్కడి పెద్దాయన ఒకప్పుడు స్టాపర్‌గా ఆడినవారు. మొదటిరోజు వాణ్ణి వెనక నిలబెట్టి, "బేటా, ఇవాళ బంతి ముట్టుకోవద్దు, నీకు కనబడేది పైకి చెప్పు, చాలు" అన్నారట. గంటసేపు అరిచి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చాడు. జూన్ నుంచి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. గుమ్మం మీద కొత్త గీత 164 దగ్గర పడింది.

మా ఎదురింటివారి తొమ్మిదేళ్ల పాపను ఎక్కడ చేర్చాలని అడిగితే, ఆ పాత అకాడమీ పేరే చెప్పాను. ఆ వయసు పిల్లలకు అంతకంటే బాగా బంతి ఆపడం నేర్పేవారు నాకు తెలిసినంతలో ఈ చుట్టుపక్కల లేరు. పన్నెండేళ్లు నిండాక నన్ను మళ్లీ ఒకసారి అడగమని కూడా చెప్పాను.